ఉద్యోగం మాని పూర్తికాలం బ్లాగు రాయడం: ఏ నెల లెక్క చూసి నిర్ణయించుకోవాలి?

మిద్దెతోట (విజయవాడ):

ఈ బ్లాగర్ల చర్చావేదిక సభ్యులందరికీ నమస్కారం. 2020 లాక్‌డౌన్ రోజుల్లో మా మిద్దె మీద నాలుగు పాత బకెట్లలో టమాటా నారు నాటి, అది ఎలా పెరుగుతోందో రాసుకోవడం కోసం ఒక బ్లాగు మొదలుపెట్టాను. ఇప్పటికి ఐదేళ్లు దాటింది. అందులో 400కు పైగా వ్యాసాలున్నాయి. పగలు ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ విభాగంలో పనిచేస్తున్నాను. చేతికి నెలకు 62,000 రూపాయలు వస్తాయి. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి ఏడు గంటల వరకు రాసుకుంటాను, రాత్రి భోజనం అయ్యాక పాఠకుల ప్రశ్నలకు జవాబులిస్తాను.

బ్లాగు మీద వచ్చిన డబ్బు కిందటి నవంబరులో 54,000, డిసెంబరులో 49,000. అక్కడి నుంచి జనవరి 31,000, ఫిబ్రవరి 28,000, మార్చి 24,500, ఏప్రిల్ 19,800, మే 18,400 చొప్పున దిగిపోయి, వానలు పడ్డాక జూన్‌లో 37,000, జూలైలో 52,000, ఆగస్టులో 55,000, సెప్టెంబరులో 58,000, ఈ అక్టోబరులో 71,000 అయింది. జీతాన్ని దాటడం ఇదే మొదటిసారి. ఇందులో పదింట తొమ్మిది వంతులు గూగుల్ వారి యాడ్‌సెన్స్ సేవ ద్వారా బ్లాగులో కనిపించే ప్రకటనలవి. మిగిలినది విత్తనాలు, గ్రో బ్యాగుల మీద వచ్చే కమీషన్.

ఇంటి ఖర్చు గృహ రుణం వాయిదా 21,000తో కలిపి నెలకు 48,000. మా ఆవిడ ఇంటి దగ్గర బ్లౌజులు కుట్టి నెలకు సుమారు 8,000 సంపాదిస్తుంది. బ్యాంకులో 3,20,000 డిపాజిట్ ఉంది. అమ్మకు మధుమేహం. పాప మూడో తరగతి.

డబ్బు కంటే నన్ను ఎక్కువ కలతపెట్టిన సంగతి ఒకటుంది. ఆగస్టులో నంద్యాల నుంచి ఒక పాఠకురాలు ఉదయం పదింటికి మిరప మొక్కల ఫోటోలు పంపారు. ఆకులు అంచుల దగ్గర కిందికి ముడుచుకొని, బోర్లించిన పడవల్లాగా ఉన్నాయి. అది కింది ముడత. తెల్లనల్లి వల్ల వస్తుంది. లీటరు నీటికి మూడు గ్రాముల చొప్పున నీటిలో కరిగే గంధకం కలిపి ఆకుల అడుగుభాగం తడిసేలా పిచికారీ చేస్తే అదుపులోకి వస్తుంది. నేను ఆ ఫోటోలు చూసింది రాత్రి ఏడు దాటాక. అప్పటికే ఆమె అది వైరస్ తెగులని భయపడి పన్నెండు కుండీల్లోని మొక్కలన్నీ పీకేశారు. ఆ రోజు నుంచి ఉద్యోగం మానేయాలన్న ఆలోచన నన్ను వదలడం లేదు. అనుభవమున్న సభ్యులు ఎప్పుడు, ఏ లెక్క చూసుకొని మానాలో చెప్పగలరని కోరుతున్నాను.

గోదారి గట్టు (రాజమహేంద్రవరం):

మానే సంగతి తరువాత, ముందుగా మీ నియామక పత్రం తీసి చదవండి. సంస్థ అనుమతి లేకుండా వేరే ఆదాయమార్గం ఉండకూడదన్న షరతు చాలా పత్రాల్లో ఉంటుంది. 2022లో ఐటీ సంస్థల్లో రెండో ఉద్యోగాల మీద పెద్ద వివాదం నడిచాక ఇతర రంగాలవారు కూడా ఆ షరతును గట్టిగా చూస్తున్నారు. బ్లాగు రాసేది ఆఫీసు కంప్యూటరు మీద కాదనే అనుకుంటున్నాను.

మిద్దెతోట (విజయవాడ):

ఆ షరతు ఉందండీ. చేరిన కొత్తలోనే బ్లాగు సంగతి తెలియజేసి, మెయిల్‌లో అనుమతి తీసుకున్నాను. రాయడమంతా ఇంట్లో సొంత లాప్‌టాప్ మీదనే.

పద్దుల పుస్తకం (హైదరాబాద్):

నేను పన్ను రిటర్నులు దాఖలు చేసే వృత్తిలో ఉన్నాను. రాతనే నమ్ముకున్న కొందరి లెక్కలు ఏటా నా చేతిమీదుగా వెళ్తుంటాయి. వాళ్లలో చిక్కుల్లో పడ్డవారంతా చేసిన పొరపాటు ఒక్కటే: బాగా వచ్చిన నెలను చూసి రాజీనామా ఇచ్చారు. మీకు ఈ ఆలోచన అక్టోబరు తరువాత బలపడిందంటే నాకు ఆశ్చర్యం లేదు. దసరా, దీపావళి నెలల్లో ప్రకటనలిచ్చేవాళ్లు చేతికి ఎముక లేనట్టు ఖర్చుపెడతారు, కొత్త సంవత్సరం రాగానే చెయ్యి బిగిస్తారు. మీ అంకెల్లోనే అది కనిపిస్తోంది.

మీ పన్నెండు నెలల మొత్తం 4,97,700. సగటు నెలకు 41,475. సగటును కూడా పక్కన పెట్టండి, ఎందుకంటే బ్యాంకు వాయిదా సగటు నెలలో రాదు, ప్రతి నెలా వస్తుంది. జనవరి నుంచి జూన్ వరకు ఆరు నెలలూ మీ బ్లాగు ఆదాయం ఇంటి ఖర్చుకు చాలలేదు. ఆ ఆరు నెలల లోటు 1,29,300. మీ ఆవిడ సంపాదన 48,000 తీసేసినా 81,300 మిగులుతుంది. ఇప్పుడు ఇంకో లెక్క వేయండి. ఏడాది పొడవునా మే నెలే నడిచిందనుకుందాం. 18,400కు 8,000 కలిపితే 26,400. నెలకు 21,600 లోటు. మీ డిపాజిట్ పద్నాలుగు నెలలు వస్తుంది. నేను చూసేది ఈ అంకెనే. పద్నాలుగు నెలలంటే భయపడాల్సినంత తక్కువేమీ కాదు, అలాగని నిశ్చింతగా ఉండదగినదీ కాదు.

మీరు ఈ సంస్థలో చేరి ఎంతకాలమైందో రాయలేదు. అది చాలా ముఖ్యం. గ్రాట్యుటీకి, అంటే మానేటప్పుడు సేవాకాలాన్ని బట్టి సంస్థ ఇచ్చే సొమ్ముకు, సాధారణంగా ఐదేళ్ల నిరంతర సేవ కావాలి. నాలుగేళ్ల 240 రోజులు చాలునని చెప్పిన హైకోర్టు తీర్పు ఉన్నా, వెళ్లిపోయే సంస్థతో ఆ వాదన పెట్టుకోవడం కంటే ఐదేళ్లు నిండనివ్వడమే మేలు. పీఎఫ్ కూడా ఐదేళ్ల సేవ నిండకముందు తీస్తే పన్ను పడుతుంది. అసలు తీయకుండా ఉంచితే వడ్డీ చేరుతుంది. 2024-25కు ఆ వడ్డీ 8.25 శాతం. బ్లాగు తొలినాళ్ల ఖర్చులకు పీఎఫ్‌ను వాడుకోవాలనే ఆలోచన మాత్రం దయచేసి పెట్టుకోకండి.

పన్ను గురించి ఇప్పుడే బెంగ వద్దు. కొత్త విధానంలో ఏడాదికి 12 లక్షల వరకు ఆదాయానికి రిబేటు వల్ల పన్ను పడదు, సేవలకు జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ పరిమితి 20 లక్షలు. అయినా రిటర్ను ఏటా వేయండి. సొంత పనిచేసుకునేవారికి గృహ రుణమివ్వాలంటే బ్యాంకులు రెండు మూడేళ్ల రిటర్నులు అడుగుతాయి. రుణాన్ని తక్కువ వడ్డీ ఉన్న బ్యాంకుకు మార్చుకోవాలన్నా, కొత్త క్రెడిట్ కార్డు తీసుకోవాలన్నా జీతం చీటీ చేతిలో ఉన్నప్పుడే ఆ పని ముగించండి.

ఊరి చెరువు (వరంగల్):

పద్దుల పుస్తకం గారు చెప్పిన లెక్కలో నేను ఒక మార్పు సూచిస్తాను. ఏడాదంతా మే నెల నడిస్తే ఏమవుతుందని వారు అడిగారు. రాబడి నాలుగో వంతుకు పడిపోతే ఏమవుతుందని కూడా అడగాలి, ఎందుకంటే నాకు అదే జరిగింది.

నేను మొబైల్ ఫోన్ల వాడకం గురించి, సెట్టింగుల గురించి తెలుగులో బ్లాగు నడిపాను. 2022 డిసెంబరులో ఉద్యోగం మానాను. అప్పటికి వరుసగా తొమ్మిది నెలలు బ్లాగు ఆదాయం జీతం కంటే ఎక్కువ వచ్చింది కాబట్టి నేను తొందరపడ్డానని ఎవరూ అనలేరు. మరుసటి ఏడాది చివర్లో సెర్చ్ ఫలితాల్లో నా పేజీలు కిందికి జారడం మొదలైంది. 2024 వేసవి వచ్చేసరికి పాఠకుల సంఖ్య నాలుగో వంతుకు పడిపోయింది. పొద్దున లేవగానే ఫోనులో ముందురోజు అంకె చూడటం, రోజంతా ఆ అంకెను మోసుకుంటూ తిరగడం, భోజనానికి కూర్చున్నా మనసు అక్కడే ఉండటం. ఆ కాలంలో నేను రాసిన వ్యాసాల్లో పాఠకుడి కోసం రాసినది ఒక్కటీ లేదు, అన్నీ సెర్చ్ కోసం రాసినవే. ఆగస్టులో మళ్లీ ఉద్యోగంలో చేరాను. జీతం పాతదానికంటే తక్కువ, ఎందుకంటే మధ్యలో ఏం చేశావని అడిగినప్పుడు బ్లాగు రాశానంటే దాన్ని అనుభవం కింద ఎవరూ లెక్కించలేదు.

మిద్దెతోట గారూ, మీ పదింట తొమ్మిది వంతులు ఒకే చోటి నుంచి వస్తున్నాయని రాశారు. నా భయమంతా అక్కడే ఉంది. ఆ పాఠకుల్లో ఎంతమంది మీ పేరు గుర్తుపెట్టుకొని నేరుగా వస్తున్నారు, ఎంతమంది సెర్చ్‌లో "మిరప ఆకు ముడత" అని వెతికి వచ్చి చదివి వెళ్లిపోతున్నారు? సెర్చ్ ఫలితాల పైనే ఏఐ సారాంశం కనిపించడం మన దేశంలో 2024లో మొదలైంది. ఒక్క ముక్కలో చెప్పగలిగే జవాబు కోసం మీ పేజీ దాకా వచ్చేవాళ్లు ఇకమీదట ఎంతమంది ఉంటారో ఆలోచించండి. ఫోటో పంపి మిమ్మల్నే అడిగే నంద్యాల పాఠకురాలి లాంటివారు ఎంతమందో లెక్కపెట్టండి. మీ బ్లాగుకు అసలు ఆస్తి వాళ్లే.

పాత బ్లాగరి (విశాఖపట్నం):

తెలుగు టైపు చేసుకునే లేఖిని సైటులో టైపు చేసి, బ్లాగులో పెట్టి, తెలుగు బ్లాగుల కొత్త రాతలన్నీ ఒకచోట చూపించే కూడలిలో మన టపా కనబడిందా లేదా అని పదినిమిషాలకొకసారి చూసుకున్న తరం నాది. అప్పట్లో బ్లాగు మీద బతకడమనే మాట తెలుగులో ఎవరి నోటా వినలేదు. 2018లో గూగుల్ తన యాడ్‌సెన్స్‌లో తెలుగును చేర్చేదాకా తెలుగు పేజీకి ప్రకటనల డబ్బు రావడానికి సరైన దారే లేదు. కాబట్టి ఈ ప్రశ్న మన భాషలో అడగగలిగే రోజు వచ్చిందని నాకు సంతోషంగా ఉంది.

ఇంగ్లిషులో ఈ దారిన ముందు నడిచినవారిని గుర్తుచేసుకోవడం వల్ల ఉపయోగముంటుంది. మన దేశంలో అమిత్ అగర్వాల్ 2004లోనే ఉద్యోగం మాని, ఆగ్రా నుంచి టెక్నాలజీ బ్లాగు రాస్తూ స్థిరపడ్డారు. ఆస్ట్రేలియాలో డారెన్ రౌస్ చిన్నాచితకా ఉద్యోగాలు చేస్తూ బ్లాగు పెంచుకుంటున్న రోజుల్లో, ఆరు నెలల్లో ఇది పూర్తికాలం పనిగా మారాలి, లేదంటే ఉద్యోగం వెతుక్కోవాలని ఆయన భార్య గడువు పెట్టారు. ఆ గడువే తనను ప్రకటనకర్తలకు ఫోన్లు చేసేలా కదిలించిందని ఆయన చెబుతారు. అమెరికాలో జేసన్ కాట్కి 2005 ఫిబ్రవరిలో ఉద్యోగం వదిలి, ప్రకటనలు వేయనని, పాఠకులే పోషించాలని కోరారు. 1,450 మంది కలిసి 39,900 డాలర్లు ఇచ్చారు. ఏడాది గడిచాక ఆ పద్ధతిని కొనసాగించలేనని ఆయనే ఆపేశారు, బ్లాగును మాత్రం ఆపలేదు.

ఈ ముగ్గురిలో కాట్కి గురించే నేను ఎక్కువగా ఆలోచిస్తాను. అంత పేరున్న రచయితకు, అంత ప్రేమగల పాఠకులున్నా, ఒక్క ఏడాది చందా మరుసటి ఏడాదికి హామీ కాలేదు. పాఠకుల మీద నమ్మకం పెట్టుకోమని ఊరి చెరువు గారు చెప్పింది నిజమే, కానీ ఆ నమ్మకాన్ని కూడా ఏటా కొత్తగా సంపాదించుకోవాలి.

నేత మగ్గం (చీరాల):

నేను కాలేజీలో అధ్యాపక ఉద్యోగం మాని ఐదేళ్లయింది. చేనేత చీరల గురించి, మగ్గాల గురించి రాస్తాను. ఇప్పుడు నా ఆదాయంలో ప్రకటనల వాటా మూడో వంతు కంటే తక్కువ. మిగిలినది నేతకారుల నుంచి నేరుగా చీరలు ఇప్పించినందుకు వచ్చే కమీషను, నెలకు రెండుసార్లు ఆన్‌లైన్‌లో చెప్పే పాఠాల రుసుము. లెక్కల గురించి పెద్దలు చెప్పారు కాబట్టి ఇంటి సంగతి చెబుతాను.

మానిన మొదటి ఆరు నెలల్లో నేను ఉద్యోగం చేస్తూ రాసినదానికంటే తక్కువ రాశాను. ఇది ఎవరికి చెప్పినా నమ్మరు. ఇంట్లోనే ఉంటున్నావు కదా అని గ్యాస్ సిలిండరు వచ్చినా, బంధువులు వచ్చినా, పక్కింటివాళ్ల పిల్లలకు ట్యూషన్ కావలసివచ్చినా అందరూ నా దగ్గరికే వచ్చారు. మా మామగారు మంచివారే, అయినా ఎవరైనా అడిగితే కోడలు కాలేజీలో చేస్తోందనే రెండేళ్లపాటు చెప్పుకున్నారు. చివరికి మేడ మీది చిన్న గదికి తలుపు బిగించి, ఉదయం తొమ్మిది నుంచి ఒంటిగంట వరకు ఆ తలుపు తీయనని చెప్పాకే నా పని దారిలో పడింది.

అందుకే మిద్దెతోట గారిని ఒకటి అడుగుతాను. ఇప్పుడు తెల్లవారుజామున మీకు దొరికే రెండున్నర గంటలు చాలా గట్టి సమయం. ఉద్యోగం మానితే దొరికే ఎనిమిది గంటల్లో ఏం చేస్తారో రాసిపెట్టుకున్నారా? ఇప్పుడు చేయలేకపోతున్నది ఏదో స్పష్టంగా చెప్పగలిగితేనే మానడానికి అర్థముంది. అలసిపోయి మానాలనిపిస్తే, పది రోజులు సెలవు పెట్టండి చాలు.

కరివేపాకు (న్యూజెర్సీ):

మా వారిది అమెరికాలో ఉద్యోగానికిచ్చే హెచ్-1బీ వీసా, నాది వారి జీవిత భాగస్వామిగా ఇచ్చిన హెచ్-4 వీసా మీద వచ్చిన పని అనుమతి. 2015 నుంచి ఈ అనుమతి కొందరు జీవిత భాగస్వాములకు దొరుకుతోంది కాబట్టే నేను ఇక్కడ వంటల బ్లాగు చట్టబద్ధంగా నడపగలుగుతున్నాను. హెచ్-1బీలో ఉన్నవారు తమ సంస్థకు తప్ప వేరే పనిచేసి సంపాదించడానికి వీలులేదు. మా వారికి రాయాలని ఎంతో ఉన్నా, ఉద్యోగం మానితే ఇక్కడ ఉండే హక్కే పోతుంది. నాలాగా పని అనుమతి పత్రం చేతిలో లేని స్నేహితులు చాలామంది నా ఎదుటే వాళ్ల బ్లాగులు మూసుకున్నారు. మిద్దెతోట గారూ, ఎప్పుడు మానాలో మీకు మీరే నిర్ణయించుకోగలగడం చిన్న అదృష్టం కాదు.

అనుభవంతో ఒక్కటి చెబుతాను. మా అమ్మ కూడా మధుమేహ రోగి, కాకినాడలో ఉంటుంది. మా తమ్ముడు బ్లాగు కోసం ఉద్యోగం మానినప్పుడు వాడి సంస్థ ఇచ్చిన గ్రూపు ఆరోగ్య బీమా ఆ రోజుతోనే ఆగిపోయింది. కొత్త పాలసీ తీసుకుంటే అప్పటికే ఉన్న జబ్బులకు నిరీక్షణ గడువు పెట్టారు. ఆ గడువు లోపలే అమ్మకు కాలి పుండు ముదిరి ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. మొత్తం బిల్లు మేమే కట్టుకున్నాం. డబ్బు గురించి కాదు నేను చెబుతున్నది, ఆ పది రోజులూ తమ్ముడు తన బ్లాగు వల్లనే ఇలా జరిగిందని తనను తాను తిట్టుకోవడం నేను ఫోనులో విన్నాను.

పద్దుల పుస్తకం (హైదరాబాద్):

కరివేపాకు గారు చాలా ముఖ్యమైన విషయం ఎత్తారు, నేను మరిచిపోయాను. ముందునుంచీ ఉన్న జబ్బులకు నిరీక్షణ గడువు ఇప్పుడు గరిష్ఠంగా 36 నెలలు. గ్రూపు పాలసీ నుంచి అదే బీమా సంస్థ వ్యక్తిగత పాలసీకి మారమని అడిగే వీలుంది, దాని సంగతి ఉద్యోగంలో ఉండగానే కనుక్కోవడం మంచిది. అన్నిటికంటే మేలైన పద్ధతి, మానడానికి చాలా ముందే అమ్మగారి పేరున విడిగా ఒక పాలసీ తీసుకోవడం. ఉద్యోగంలో ఉన్నంతకాలం గ్రూపు పాలసీ కాపాడుతుంది, ఈలోపు కొత్త పాలసీ గడువు కరుగుతూ వస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల ప్రీమియం మీద జీఎస్‌టీ కూడా లేదు. ఇంటి ఖర్చు 48,000లో ఈ ప్రీమియం లేదు కాబట్టి పైన నేను వేసిన పద్నాలుగు నెలల లెక్కను తగ్గించి చదువుకోండి.

మిద్దెతోట (విజయవాడ):

రెండు రోజులుగా ఈ చర్చను మా ఆవిడతో కలిసి పైనుంచి కిందిదాకా చదివాను. నేను ఈ సంస్థలో చేరి నాలుగేళ్ల మూడు నెలలయింది, వచ్చే ఆగస్టుకు ఐదేళ్లు నిండుతాయి. గ్రాట్యుటీకి లెక్కలోకి వచ్చే నా నెల జీతం 31,000. దాన్ని 15తో గుణించి 26తో భాగించి ఐదేళ్లకు వేస్తే 89,000 దాటుతుంది. తొమ్మిది నెలల తొందర కోసం అంత సొమ్ము వదులుకోవడం సరికాదని ఇద్దరమూ ఒప్పుకున్నాం.

ఊరి చెరువు గారు అడిగిన ప్రశ్నకు జవాబు వెతికాను. వందమంది పాఠకుల్లో ఎనభై మందికి పైగా సెర్చ్ ద్వారానే వస్తున్నారు. పేరు తెలిసి వచ్చేవారు పదిహేను మంది కూడా లేరు. ఈ అంకె నేను ఇంతకుముందు ఎప్పుడూ చూసుకోలేదు, చూశాక రాత్రి నిద్రపట్టలేదు. మీ పాఠకుల సంఖ్య నాలుగో వంతుకు పడినట్టు నా సగటు ఆదాయం కూడా పడితే నెలకు పదివేలు వస్తాయి, డిపాజిట్ పదకొండు నెలలు కూడా నిలవదు.

నేత మగ్గం గారూ, మీ ప్రశ్న ముందు కూర్చొని కాగితం మీద రాశాను. ఎనిమిది గంటలు దొరికితే నేను చేయాలనుకుంటున్నది ఎక్కువ వ్యాసాలు రాయడం కాదు. మొక్క జబ్బుపడిన రోజునే ఫోటో చూసి జవాబు చెప్పడం, శని ఆదివారాల్లో పదిమంది చొప్పున మా మిద్దె మీదికి పిలిచి కుండీలో మట్టి కలపడం దగ్గరినుంచి చూపించడం. ఎండాకాలంలో ప్రకటనలు పడిపోతాయి గాని, మొక్కలను కాపాడుకోవడానికి జనం ఎక్కువగా అల్లాడేది అప్పుడే. నీడ వలలు ఎలా కట్టాలి, ఏప్రిల్‌లో ఏ ఆకుకూరలు వేయాలి, నీళ్లు ఏ వేళ పోయాలి అని నేర్పే పాఠాలకు రుసుము పెడితే మే నెలకు రెండో కాలు దొరుకుతుందేమో ఈ వేసవిలో చూస్తాను.

మా నిర్ణయం ఇది. అమ్మ పేరున పాలసీకి ఈ వారమే దరఖాస్తు చేస్తున్నాం. అక్టోబరులో జీతానికి మించి వచ్చింది డిపాజిట్‌కే చేరుతుంది. నాకు నోటీసు కాలం రెండు నెలలు, కాబట్టి ఐదేళ్లు నిండాక ఆగస్టు చివర్లో బయటికి రావాలంటే జూన్ చివర్లో రాజీనామా ఇవ్వాలి. మే నెల యాడ్‌సెన్స్ లెక్క జూన్ మొదటి వారంలో ఖరారవుతుంది. ప్రకటనలు, పాఠాలు కలిపి ఆ మే ఆదాయం 35,000 దాటి, అందులో కనీసం మూడో వంతు ప్రకటనలు కానిదయితే ఉత్తరం ఇస్తాను. లేకపోతే మరో ఏడాది ఉద్యోగంలోనే ఉంటాను. ఈ అంకె మా ఆవిడ పెట్టింది, నేను 30,000 అన్నాను.

ఊరి చెరువు (వరంగల్):

మీ ఆవిడ పెట్టిన అంకెకే కట్టుబడండి. మే నెలలో 34,000 వచ్చి ఆగితే మనసు ఎన్నో సాకులు చెబుతుంది, దానికి లొంగకండి. ఎనభై మందిలో కొందరినైనా మీ పేరు మీద వచ్చేలా చేసుకోవడానికి ఒక వాట్సాప్ చానల్ గాని, వారానికొక మెయిల్ ఉత్తరం గాని ఇప్పుడే మొదలుపెట్టండి. నేను అది చాలా ఆలస్యంగా చేశాను.

మిద్దెతోట (విజయవాడ):

నిన్న రాత్రే మొదలుపెట్టానండీ. మొదట చేరినవారిలో ఆ నంద్యాల పాఠకురాలు కూడా ఉన్నారు. మళ్లీ మిరప నారు పోశారట. ఆఫీసులో భోజన విరామం ఒంటిగంటకు, ఆ అరగంటా ఫోటోలకే కేటాయిస్తానని, ఈసారి ఆకు ముడుచుకుంటే పీకే ముందు ఒంటిగంట దాకా ఆగమని ఆమెకు రాశాను.